టెక్నికల్ డెట్ (కోడ్‌లో పేరుకున్న అప్పు) పెరిగిపోయింది, టీమ్‌లో ఒకరి కోడ్ ఒకరు ముట్టుకోవడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఏడేళ్ల నాటి ఆర్డర్ మేనేజ్‌మెంట్ ప్రాడక్ట్, ఎనిమిది మంది టీమ్, మీరు ఈమధ్యే లీడ్ అయ్యారు. చిన్న ఫీచర్‌కి కూడా వారాలు పడుతోంది. బిల్లింగ్ మాడ్యూల్ ఒక్క సీనియర్‌కి తప్ప ఎవరికీ తెలియదు, ఆయనేమో మొత్తం తిరగరాద్దాం అంటున్నారు. కోడ్ రివ్యూల్లో మాటా మాటా పెరుగుతోంది. రీఫ్యాక్టరింగ్‌కి (ఫలితం మార్చకుండా కోడ్‌ని సర్దడానికి) రెండు స్ప్రింట్లు (పని విడతలు) ఇవ్వమని అడిగితే మేనేజర్ "కస్టమర్‌కి కనిపించే పనేదైనా ఉంటే చెప్పండి" అన్నారు. డెట్ ఎలా తీర్చాలి, టీమ్‌ని ఎలా దారిలో పెట్టాలి అని రెండు ప్రశ్నలు వేశారు.

సమాధానం ముందే చెప్పేస్తాను. రీఫ్యాక్టరింగ్ కోసం విడిగా టైమ్ అడగడం మానేయండి. మొత్తం తిరగరాయడానికి ఒప్పుకోకండి. రాబోయే మూడు నెలల్లో ఏయే ఫీచర్లు చేయాలో చూసి, ఆ దారిలో అడ్డం పడే కోడ్‌ని మాత్రమే, ఆ ఫీచర్‌లో భాగంగానే బాగుచేయండి. ఆ పనిలో ఎప్పుడూ ఇద్దరిని కూర్చోబెట్టండి: ఆ కోడ్ తెలిసినవాళ్లొకరు, తెలియనివాళ్లొకరు. మీరు వేసిన రెండు ప్రశ్నలకీ ఇదే జవాబు. నా లెక్కలో అవి రెండు ప్రశ్నలు కావు.

ఎందుకంటున్నానో చెబుతాను. ఈ అప్పు పోలికని మొదట వాడింది వార్డ్ కన్నింగ్‌హామ్ అనే అమెరికన్ ప్రోగ్రామర్, 1992లో. ఆయన టీమ్ స్మాల్‌టాక్ అనే ప్రోగ్రామింగ్ భాషలో వైక్యాష్ అనే పెట్టుబడుల నిర్వహణ సాఫ్ట్‌వేర్ రాస్తోంది. విషయం పూర్తిగా అర్థమయ్యేదాకా ఆగకుండా, అప్పటికి అర్థమైనంతలో రాసి వాడకంలోకి తెచ్చేవాళ్లు. వాడుతుంటే అసలు సంగతి ఇంకాస్త తెలిసేది. అలా తెలిసినప్పుడల్లా వెనక్కి వెళ్లి కోడ్‌ని దానికి తగ్గట్టు మార్చుకుంటే అప్పు తీరినట్టు. మార్చకుండా పైపైన కట్టుకుంటూ పోతే ప్రతి కొత్త పనికీ వడ్డీ పడుతుంది. చెత్తగా రాయడాన్ని తానెప్పుడూ సమర్థించలేదని తర్వాత, 2009లో, ఆయనే మళ్లీ వివరించారు. ఇప్పుడు మీ బిల్లింగ్ మాడ్యూల్ చూడండి. అర్థమైనదంతా ఒక మనిషి తలలో ఉంది, కోడ్‌లో లేదు, మిగతా ఏడుగురి దగ్గరా లేదు. ఆయన సెలవు పెడితే రిలీజ్ ఆగుతుంది. దాన్ని ఎంత అందంగా రీఫ్యాక్టర్ చేసినా, చేసింది ఆయనొక్కరే అయితే అప్పు అలాగే ఉంటుంది.

నేను దగ్గరగా చూసిన ఉదాహరణ ఒకటి చెబుతాను. ఇది విన్నాక మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

డిస్ట్రిబ్యూటర్లు వాడే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మీద నేను చాలాకాలం పనిచేశాను. వ్యాట్ (జీఎస్టీకి ముందున్న అమ్మకం పన్ను) రోజుల నాటి కోడ్. అప్పట్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ టిన్ నంబర్లు (వ్యాపారుల పన్ను నంబర్లు) 28తో మొదలయ్యేవి కాబట్టి, లోకల్ అమ్మకమా, బయటి రాష్ట్రమా అని తేల్చడానికి చాలాచోట్ల నేరుగా 28 అని రాసేశారు. 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణకి 36, ఆంధ్రప్రదేశ్‌కి 37 వచ్చాయి. పాత 28 పక్కన ఇంకో రెండు ఇఫ్‌లు (కోడ్‌లో రాసే షరతులు) చేరాయి. 2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. జీఎస్టీఐఎన్‌లో (వ్యాపారి జీఎస్టీ నంబర్‌లో) మొదటి రెండు అంకెలూ ఈ రాష్ట్రం కోడే. దాంతోపాటు 28 శాతం శ్లాబ్ కూడా వచ్చింది. అంటే ఒకే ఫైల్‌లో, కొన్నిచోట్ల పక్కపక్క లైన్లలోనే, 28 అంటే ఒకచోట రాష్ట్రం, ఇంకోచోట పన్ను రేటు. లోకల్ అమ్మకాల పన్నులో సగం కేంద్రానికి, సగం రాష్ట్రానికి కాబట్టి 14 అనే అంకె మూడో వేషం. ఏది ఏమిటో రాసినాయనకి తెలుసు. మిగతావాళ్లం ఆ ఫైల్ తెరిచేవాళ్లమే కాదు.

ఈ-ఇన్‌వాయిస్ (బిల్లుని ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయాలనే) నిబంధన 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్ల టర్నోవర్ దాటిన వ్యాపారాలకి కూడా వర్తించింది. మా కస్టమర్లలో చాలామంది దాని కిందికి వచ్చారు. ఆ ఫీచర్‌కి బిల్లులోని ప్రతి లైన్‌కీ హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (వస్తువు వర్గీకరణ నంబర్), రేటు, బిల్లుకి రాష్ట్రం కోడ్ విడివిడిగా కావాలి. అప్పుడు రేట్లని కోడ్‌లోంచి తీసి ఒక టేబుల్‌లో పెట్టాం, ఏ తేదీ నుంచి ఏ రేటో తెలిసేలా. రీఫ్యాక్టరింగ్ అని పేరు పెట్టలేదు, ఈ-ఇన్‌వాయిస్ ఎస్టిమేట్‌లోనే కలిపాం. కస్టమర్ అడిగిన పని కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేదు.

చేసింది ఇద్దరు: ఆ కోడ్ రాసిన సీనియర్, అప్పుడే చేరిన ఒక అమ్మాయి. కీబోర్డ్ ఆ అమ్మాయి చేతిలో, ఆయన పక్కన. ప్రతి 28 దగ్గరా ఆగి "ఇది రేటా అండీ, రాష్ట్రమా?" అని అడిగేది. కొన్నిచోట్ల ఆయనా వెంటనే చెప్పలేకపోయారు, పాత బిల్లులు తీసి చూడాల్సి వచ్చింది. ముట్టుకునే ముందు ఇద్దరూ ఒక పని చేశారు. అంతకుముందు నెల అసలు బిల్లులన్నీ పాత కోడ్‌తో మళ్లీ లెక్కించి, ఫలితాలు ఫైల్‌లో దాచారు. కోడ్ మార్చిన ప్రతిసారీ అవే బిల్లులు నడిపి పైసలతో సహా పోల్చారు. కొత్త కోడ్ లైన్ లైన్‌కీ రౌండ్ చేస్తోందని, పాతది మొత్తం మీద ఒక్కసారే చేసేదని అలాగే బయటపడింది. తేడా పైసల్లోనే. కానీ ఆ పైసలు పట్టుకుని కస్టమర్ల అకౌంటెంట్లు ఫోన్లు చేస్తారని ఆ పనిలో ఉన్నవాళ్లకి తెలుసు.

2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ శ్లాబులు మారాయి. చాలా వస్తువులు 12, 28ల నుంచి 5, 18లకి వచ్చాయి, కొన్ని 40కి వెళ్లాయి. జీఎస్టీ కౌన్సిల్ నిర్ణయానికీ అమలుకీ మధ్య మూడు వారాలు కూడా లేదు. పొగాకు ఉత్పత్తుల లాంటివి ఆ రోజున మారనే లేదు. ఆగస్టులో అమ్మిన సరుకు అక్టోబర్‌లో వెనక్కి వస్తే క్రెడిట్ నోట్ పాత రేటుతోనే ఇవ్వాలి. కోడ్‌లో 28 ఉన్నచోటల్లా 18 పెట్టుకుంటూ పోయి ఉంటే ఏం జరిగేదో మీరే ఊహించుకోండి. మాకు అది టేబుల్‌లో కొన్ని వరసలు చేర్చే పని అయింది. ఆ వరసలు చేర్చింది కూడా ఆ అమ్మాయే. సీనియర్ అప్పటికి వేరే ప్రాజెక్ట్‌లో ఉన్నారు, ఆయన్ని పిలవాల్సిన అవసరం రాలేదు.

ఇప్పుడు మీ సంగతి.

ముందు అప్పు ఎక్కడుందో లెక్క తీయండి. టీమ్‌ని అడిగితే ఎవరికి నచ్చని కోడ్ వాళ్లు చెబుతారు, అది లెక్కలోకి రాదు. గిట్ లాగ్‌లోంచి (కోడ్ మార్పుల చరిత్రలోంచి) గత ఆరు నెలల్లో ఎక్కువసార్లు మారిన ఓ ఇరవై ఫైళ్లు తీయండి. పక్క కాలమ్‌లో, ఒక్కో ఫైల్‌ని ఎంతమంది మార్చారో రాయండి. మూడో కాలమ్‌లో, ప్రొడక్షన్ (కస్టమర్లు వాడే సిస్టమ్) బగ్గులు సరిచేసినప్పుడు ఆ ఫైల్ ఎన్నిసార్లు తగిలిందో రాయండి. తరచూ మారుతూ, ఎప్పుడూ ఒకే పేరు కనిపిస్తూ, బగ్గులున్న ఫైళ్లు నాలుగైదు తేలతాయి. మీ పని అక్కడే. ఎంత ఘోరంగా ఉన్నా రెండేళ్లుగా ఎవరూ కదపని ఫైల్‌ని అలాగే వదిలేయండి. దాని మీద వడ్డీ పడటం లేదు. ఈ విషయంలో చాలామంది మంచి ఇంజినీర్లకి మనసొప్పదు, కళ్లెదుట చెత్త ఉంటే ఊడ్వాలనిపిస్తుంది. లీడ్‌గా మీరు ఆపాల్సింది ముందు దాన్నే.

మేనేజర్‌తో మాట్లాడేటప్పుడు కోడ్ గురించి మాట్లాడకండి. "కోడ్ బాగోలేదు" అంటే ఆయనకి వినపడేది "ఇన్నాళ్లూ బాగా చేయలేదు" అని. ప్రతి ఫీచర్‌కీ రెండు ఎస్టిమేట్లు ఇవ్వండి. ఉదాహరణకి: పాక్షిక రీఫండ్ ఫీచర్‌ని ఉన్నదాని మీద కడితే 8 రోజులు. ధర లెక్కించే భాగాన్ని విడదీసి కడితే 11 రోజులు, కానీ వచ్చే నెల చేయాల్సిన కూపన్ల ఫీచర్ 9 రోజుల నుంచి 5కి తగ్గుతుంది. నిర్ణయం ఆయన్నే తీసుకోనివ్వండి, టికెట్‌లో రాయించండి. కొన్నిసార్లు ఆయన 8 రోజులదే ఎంచుకుంటారు, డెమో ఉందనో, కస్టమర్ ఒత్తిడి ఉందనో. అది తప్పేం కాదు, తెలిసి చేసిన అప్పు. రెండోసారి అదే చోట ఆలస్యం జరిగినప్పుడు పాత టికెట్ చూపించండి. దెప్పకండి, చూపిస్తే చాలు. మీరు చెప్పిన 5 నిజంగా 5 అయిందని రెండుమూడు సార్లు తేలాక ఆయనకి మీ లెక్క మీద నమ్మకం కుదురుతుంది. ఆ నమ్మకం లేనప్పుడు ఎంత మంచి ప్రెజెంటేషన్ ఇచ్చినా ఉపయోగం ఉండదు.

మీది సర్వీసెస్ కంపెనీ అయితే ఇది ఇంకొంచెం చిక్కు, క్లయింట్ గంటలకి డబ్బు కడుతున్నాడు కాబట్టి. అప్పుడు ఆ అదనపు రోజులు చేంజ్ రిక్వెస్ట్‌లో బయటికే రాయండి. దాచి చేయడం నేను ఒప్పుకోను. ఎప్పుడో ఒకరోజు ఆ మార్పు వల్ల ఏదైనా విరిగితే "ఇది ఎవరు చేయమన్నారు" అనే ప్రశ్న దగ్గర మీ టీమ్ కుర్రాడే దొరికిపోతాడు.

స్ప్రింట్‌లో 20 శాతం రీఫ్యాక్టరింగ్‌కి పెట్టండని చాలామంది సలహా ఇస్తారు. నా అనుభవంలో అది నిలవదు. గడువు దగ్గరపడగానే మొదట కోత పడేది ఆ 20 శాతానికే. పైగా ఏ ఫీచర్‌తోనూ ముడిపడదు కాబట్టి ఎవరికి నచ్చిన మూల వాళ్లు సర్దుకుంటారు. ఒక్క విషయంలో మాత్రం విడిగా టైమ్ అడగాల్సిందే: వెర్షన్ అప్‌గ్రేడ్లు. పైథాన్ 2కి 2020 జనవరి 1తో సపోర్ట్ ఆగిపోతుందని ఏళ్ల ముందే అందరికీ తెలుసు. 2021 డిసెంబర్‌లో లాగ్‌ఫర్‌జే అనే జావా లైబ్రరీలో భద్రతా లోపం బయటపడినప్పుడు, లైబ్రరీలు తాజాగా ఉంచుకున్న టీమ్‌లు వెర్షన్ మార్చి వెంటనే బయటపడ్డాయి. పాతబడిన సిస్టమ్‌లున్నవాళ్లు ఆ లైబ్రరీ ఎక్కడెక్కడ దాగుందో వెతుక్కోవడానికే రాత్రులు మేలుకున్నారు. సపోర్ట్ ఆగే తేదీలు ముందే తెలుస్తాయి. ఆ తేదీ చూపించి అడిగితే మేనేజర్లు కాదనరు.

తిరగరాయడం గురించి. మీ సీనియర్ బాధ నిజమైనదే, ఆ కోడ్‌తో రోజూ కుస్తీ పడేది ఆయనే. కానీ ఏడేళ్ల కోడ్‌లో వింతగా కనిపించే ప్రతి ఇఫ్ వెనకా ఎవరో ఒక కస్టమర్ ఉంటాడు. కొత్తగా రాసేటప్పుడు అవన్నీ మళ్లీ ఒక్కొక్కటిగా, ప్రొడక్షన్‌లో, తిట్లతో నేర్చుకోవాలి. ఈలోపు పాతదానికి ఫీచర్లు ఆగవు, అవి రెండుచోట్లా రాయాలి. బ్రౌజర్ కంపెనీ నెట్‌స్కేప్ 1997లో 4వ వెర్షన్ ఇచ్చి, తర్వాత మొదటి నుంచి రాయడానికి కూర్చుంది. 5వ వెర్షన్ రానే లేదు, 6వది 2000 నవంబర్‌లో వచ్చింది. అప్పటికి బ్రౌజర్ మార్కెట్ మైక్రోసాఫ్ట్ చేతిలోకి వెళ్లిపోయింది. ఓడిపోవడానికి వేరే కారణాలూ ఉన్నాయి, కానీ ఆ మూడేళ్లూ చేతులు కట్టేసుకున్నట్టయింది.

ఆయనకి "వద్దు" అని చెప్పి ఊరుకోకండి. బిల్లింగ్ చుట్టూ ఒక సరిహద్దు గీసే పని ఆయనకివ్వండి. మిగతా మాడ్యూళ్లు బిల్లింగ్ టేబుళ్లని నేరుగా చదవకుండా ఒకే ఇంటర్‌ఫేస్ ద్వారా వెళ్లాలి. ఆ సరిహద్దు కుదిరాక లోపల ఒక్కో ముక్క మార్చుకుంటూ వెళ్లొచ్చు, ఏ వారమైనా ఆపేసినా సిస్టమ్ నడుస్తూనే ఉంటుంది. డిజైన్ మీద ఇష్టమున్న మనిషికి ఇది తిరగరాయడం కంటే కష్టమైన పని, ఆయన స్థాయికి తగ్గ పని. పక్కన ఒక జూనియర్ తప్పనిసరి.

ఈ ఇద్దరిని కూర్చోబెట్టే విషయంలో నేను పట్టుబట్టడానికి ఇంకో కారణం కేటీ (నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్, అంటే పని అప్పగింత). మన కంపెనీల్లో కేటీ అంటే మనిషి రాజీనామా చేశాక, నోటీస్ పీరియడ్ చివరి రోజుల్లో పెట్టే నాలుగు కాల్స్, ఎవరూ మళ్లీ తెరవని రికార్డింగులు. వెళ్లిపోయే మనిషి మనసు అప్పటికే కొత్త ఆఫీసులో ఉంటుంది, వినేవాళ్లకి ఏం అడగాలో తెలియదు. పని చేస్తూ నేర్చుకున్నదే నిలుస్తుంది. సీనియర్ కీబోర్డ్ ముట్టుకోకూడదు అనే ఒక్క నియమం పెట్టండి. మొదటివారం ఆయనకి చిరాకొస్తుంది, "నేనైతే పది నిమిషాల్లో చేసేవాణ్ని" అంటారు. నిజమే, చేస్తారు. రెండోసారీ ఆయనే చేయాల్సి వస్తుంది.

రివ్యూల గొడవలు. వీటిలో సగం యంత్రం చేయాల్సిన పని మనుషులు చేయడం వల్ల వస్తాయి. స్పేసులు, బ్రాకెట్లు, ఇంపోర్ట్‌ల వరస, ఇవన్నీ కోడ్‌ని సర్దే ఫార్మాటర్ టూల్‌కి వదిలేయండి. దాని మీద ఇక ఎవరూ కామెంట్ రాయకూడదు. మిగిలిన సగంలో ఎక్కువ భాగం పెద్ద పుల్ రిక్వెస్ట్‌ల (పీఆర్‌లు, అంటే రివ్యూకి పంపే కోడ్ మార్పులు) వల్ల. నలభై ఫైళ్ల మార్పు పంపితే రివ్యూ చేసేవాళ్లు అయితే కళ్లు మూసుకుని ఓకే అంటారు, లేదంటే విసిగిపోయి వేరియబుల్ పేర్ల మీద పడతారు. కోడ్ సర్దడం ఒక పీఆర్, ప్రవర్తన మార్చడం ఇంకో పీఆర్ అని విడగొట్టించండి. మొదటిదాంట్లో ఫలితం ఏమీ మారకూడదు కాబట్టి చూడటం తేలిక. రెండోది చిన్నదిగా ఉంటుంది కాబట్టి అసలు విషయం కనిపిస్తుంది. కామెంట్ రాసేవాళ్లు ఇది సరిచేయాల్సిందేనా, లేక సూచన మాత్రమేనా అని మొదటి మాటలోనే చెప్పాలి. ఒకే విషయం మీద మూడోసారి జవాబు రాయాల్సి వస్తే రాయడం ఆపి కాల్ చేసుకోవాలి. రాతలో కోపంగా కనిపించిన మనిషి మాటల్లో మామూలుగానే ఉంటాడు.

మన దగ్గర ఇంకోటి ఉంది. పెద్దవాళ్ల తప్పుని నలుగురి ముందు ఎత్తిచూపకూడదనే పెంపకం మనది. కొత్తగా చేరిన పిల్లలు సీనియర్ కోడ్‌లో బగ్ కనిపించినా అప్రూవ్ చేసేస్తారు. నేను వాళ్లకి చెప్పేది: తప్పుందని రాయొద్దు, ప్రశ్న రాయండి. "ఇక్కడ క్వాంటిటీ సున్నా వస్తే ఏమవుతుందండీ?" దీనికి ఎవరూ నొచ్చుకోరు, బగ్ ఉంటే బయటపడుతుంది. లీడ్‌గా మీ కోడ్‌ని ముందు వాళ్ల చేత రివ్యూ చేయించండి. వాళ్లు అడిగిన ప్రశ్నకి మీరు అందరికీ కనిపించేలా "అవును, ఇది చూసుకోలేదు, మారుస్తున్నా" అని రాస్తే చాలు, నెలలో వాతావరణం మారుతుంది.

వాడకంలో లేని కోడ్‌ని మాత్రం తీసేయండి. కదపని కోడ్ వదిలేయమన్నాను కదా, అది పనిచేస్తున్న కోడ్ గురించి. ఎవరూ వాడని కోడ్, పాత ఫీచర్ ఫ్లాగులు (ఫీచర్‌ని ఆన్, ఆఫ్ చేసే స్విచ్చులు) వేరు. అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే ట్రేడింగ్ సంస్థ కథ ప్రతి టీమ్‌కీ చెప్పాల్సినది. 2003లో వాడటం మానేసిన పవర్ పెగ్ అనే కోడ్‌ని వాళ్లు సర్వర్లలోంచి తీసేయలేదు. 2012లో కొత్త ఫీచర్‌కి అదే పాత ఫ్లాగ్‌ని మళ్లీ వాడారు. కొత్త కోడ్‌ని ఎనిమిది సర్వర్లలో పెట్టాలి, ఒకదాంట్లో పెట్టడం మరిచారు. రెండో మనిషి సరిచూడాలనే పద్ధతే లేదు. ఆగస్టు 1 ఉదయం ఆ ఎనిమిదో సర్వర్‌లో పాత కోడ్ లేచి ఆర్డర్లు పంపుతూ పోయింది. మార్కెట్ తెరవకముందే సిస్టమ్ 97 ఈమెయిళ్లు పంపింది, వాటిని అలర్ట్‌లుగా చూసేవాళ్లు లేరు. కంగారులో మిగతా ఏడు సర్వర్లలోంచి సరైన కొత్త కోడ్‌ని తీసేశారు, దాంతో అన్నిచోట్లా పాతదే నడిచింది. 45 నిమిషాల్లో 46 కోట్ల డాలర్లకి పైగా పోయింది. మరుసటి ఏడాది ఆ సంస్థ ఇంకోదాంట్లో కలిసిపోయింది. ఇందులో కోడ్ తప్పెంత, మనుషులు కలిసి పనిచేయని తప్పెంత అని విడదీయడం ఎవరి వల్లా కాదు.

ఏఐ టూల్స్ గురించి ఒక్క మాట, మీరు అడగకపోయినా. అవి రాసిచ్చిన కోడ్‌ని టీమ్‌లో ఎవరూ చదవకుండా కలిపేస్తే అది మొదటిరోజు నుంచే అప్పు. పంపినవాళ్లు ప్రతి లైన్ ఎందుకుందో చెప్పగలగాలి. చెప్పలేకపోతే మెర్జ్ చేయకండి.

సోమవారం చేయాల్సినవి రెండే. గిట్ లాగ్ లెక్క తీయండి, వచ్చే ఫీచర్ల జాబితా పక్కన పెట్టి రెండూ కలిసేచోటు ఒకటి ఎంచుకోండి. తర్వాత ఆ ఫైల్‌కి, నేను పైన చెప్పినట్టు, నిజమైన ఆర్డర్లతో పాత ఫలితాలు దాచి పెట్టించండి. ఆ పోలిక సిద్ధం కాకముందు ఒక్క లైన్ కూడా కదపనివ్వకండి.

మీ బిల్లింగ్ డేటాబేస్ ఏమిటో, దాని టేబుళ్లని ఎన్ని మాడ్యూళ్లు నేరుగా చదువుతున్నాయో చెప్పలేదు. రిపోర్టులు కూడా వాటి మీదే నడుస్తుంటే సరిహద్దు గీసే వరస మారుతుంది: ముందు రిపోర్టులకి వ్యూలు (టేబుళ్లకి బదులు చదివే క్వెరీలు) కట్టి, తర్వాత కాలమ్‌లు మార్చాలి. ఆ వివరాలు రాయండి, ఆ భాగం విడిగా చెబుతాను.